మత్తు, పాట, మన మందుల డబ్బా

(మన సంఘం మాసిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం వక్త స్వయంగా రాసి ఇచ్చారు.)



కార్యదర్శిగారు నన్ను మొదట అడిగింది బి.పి., షుగరు మాత్రల గురించి నాలుగు మాటలు చెప్పమని. ప్రభుత్వ ఆసుపత్రిలో 36 ఏళ్ళు ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక ఆ పని నాకు అప్పజెప్పడం సబబే. కాని అది ఇంకో నెల చెప్పుకుందామని నేనే ఆయన్ని ఒప్పించాను. ఈ రోజు మాదకద్రవ్యాల గురించి, వాటి పేర్లను పిల్లల చెవిలో వేస్తున్న పాటల గురించి మాట్లాడతాను. ఇందులో మా ఇంటి సంగతి ఉంది. మా మనుమడి అనుమతి తీసుకునే చెబుతున్నాను. పేరు చెప్పనన్నాను, చెప్పను. మీరూ అడగవద్దని మనవి.

మన భాషలో ఒక చిత్రం ఉంది. జబ్బుకు వేసుకునేదీ మందే, సీసాలో దొరికేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే. నా ఉద్యోగమంతా మొదటి మందుతోనే గడిచింది. మిగిలిన వాటితో నాకు సంబంధం లేదని చాలాకాలం ధీమాగా ఉన్నాను. ఆ ధీమా ఎలా పోయిందో చెప్పడానికే వచ్చాను.

ఇలాంటి విషయం మీద మన సభల్లో ఒక ఉపన్యాసం తయారుగా ఉంటుంది. పాశ్చాత్య సంస్కృతి వచ్చి యువతరాన్ని చెడగొట్టింది, మన రోజుల్లో ఇవేవీ లేవు, సెల్‌ఫోన్లు లాక్కుంటే అంతా సర్దుకుంటుంది అని. కొన్నేళ్ళ క్రితం ఇదే సంచికలో నేనూ అలాంటి వ్యాసం ఒకటి రాశాను. నలుగురూ బాగుందన్నారు కూడా. ఇప్పుడు తీసి చదివితే అందులో ఒక్క పిల్లవాడి ముఖమైనా కనబడలేదు నాకు.

మన రోజుల్లో నిజంగా లేవా? 1971 నాటి "హరే రామ హరే కృష్ణ" హిందీ సినిమా ఇక్కడున్న చాలామంది చూసే ఉంటారు. దేవానంద్ తీశాడు. నేను డిగ్రీ చదువుతుండగా మా ఊరికి వచ్చింది, రెండుసార్లు చూశాను. తల్లిదండ్రులు విడిపోయి చెల్లెలు ఒకచోట, అన్న ఒకచోట పెరుగుతారు. ఆ చెల్లెలు కాట్మండులో హిప్పీలతో చేరి గంజాయి దమ్ములో మునిగిపోతుంది. వెతుక్కుంటూ వెళ్ళిన అన్నకు చివరికి ఆ పిల్ల దక్కదు. అది కల్పించిన వాతావరణం కాదు. ఆ రోజుల్లో కాట్మండులో గంజాయి, చరస్ లైసెన్సు దుకాణాల్లోనే అమ్మేవారు. నేపాల్ ప్రభుత్వం 1973లో ఆ లైసెన్సులు రద్దుచేసింది.

సినిమా తీసిన ఉద్దేశం హెచ్చరించడమే. కాని అందులో ఏం మిగిలింది? జీనత్ అమాన్ పొగ వదులుతూ ఊగే పాట మిగిలింది. ఆశా భోంస్లే గొంతు, ఆర్.డి. బర్మన్ బాణీ. ఆ పాటకు ఆశాకు ఫిలింఫేర్ బహుమతి కూడా వచ్చింది. ఈ సభలో ఆ పాట పల్లవి రానివాళ్ళు ఎంతమంది? చేతులు లేవడం లేదు. సరే, ఆ పాట అయిన వెంటనే అదే సన్నివేశంలో హీరో ఇంకో పాట పాడతాడు, ఈ పని చేయకండర్రా అని ఆ పిల్లలకు బుద్ధి చెబుతూ. కిశోర్ కుమార్ పాడాడు. అది ఎంతమందికి గుర్తుంది? వెనక వరుసలో ఒక్క చెయ్యి కనబడుతోంది, సంతోషం. సంగీత దర్శకుడు ఒకరే, సినిమా ఒకటే, సన్నివేశం ఒకటే. మత్తు పాట 50 ఏళ్ళు దాటినా నాలుక మీద ఉంది, హెచ్చరిక పాట టాకీసులోనే ఉండిపోయింది. ఈ సంగతి మీరు కాస్త గుర్తుపెట్టుకోవాలి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

పాట వేరు, మత్తు వేరు అని ఆ తరానికి ముఖం మీదే చెప్పినవాడు మనవాడే ఒకాయన ఉన్నాడు. పండిత రవిశంకర్. 1967లో అమెరికాలో మాంటెరీ ఉత్సవంలోనూ, 1969లో వుడ్‌స్టాక్‌లోనూ ఆయన సితార్ విన్న కుర్రకారులో చాలామంది మత్తులో ఉన్నవాళ్ళే. అందరూ నీరాజనాలు పడుతుంటే ఆయనకు మాత్రం ఒళ్ళు మండేది. మా సంగీతం ఆరాధన, దానికి మీ మత్తును అంటగట్టకండి అని చెబుతూ వచ్చాడు. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో బంగ్లాదేశ్ సహాయ కచేరీ మొదలుపెట్టే ముందు కూడా, మేం వాయిస్తున్నంతసేపు పొగ తాగవద్దని సభికులను కోరాడు. ఆ కచేరీకి తోడు నిలిచిన బీటిల్స్ గాయకుడు జార్జ్ హారిసన్ కూడా ఒకప్పుడు ఎల్.ఎస్.డి. వాడినవాడే. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి, తన పాటలు వింటూ మత్తులో రోడ్ల మీద పడి ఉన్న పిల్లలను కళ్ళారా చూసి, దాన్ని వదిలేశాడు. తన పాట ఎవరి మీద ఎలా పనిచేస్తోందో ఎదురుగా నిలబడి చూసే అవకాశం పాటగాడికి అరుదుగా వస్తుంది. ఆయనకు వచ్చింది.

అయితే మన కాలానికీ ఈ కాలానికీ ఒక తేడా ఉంది, అది పెద్ద తేడానే. మన పాట రేడియోలో వచ్చేది. ఇంట్లో ఒక్కటే రేడియో. నాన్నగారు వింటారు, అమ్మ వింటుంది, పక్కింటివాళ్ళూ వింటారు. నచ్చని పాట వస్తే ఎవరో ఒకరు లేచి చెవి మెలిపెట్టేవారు, రేడియోదైనా మనదైనా. ఇప్పుడు పాట ఒక్క చెవికి మాత్రమే వస్తుంది. పిల్లవాడు మన పక్కనే కూర్చుని అన్నం తింటుంటాడు, చెవిలో ఏం నడుస్తోందో మనకు తెలియదు. మా ఇంట్లో అదే జరిగింది.

మా పెద్దమ్మాయి కొడుకు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. పోయిన సంవత్సరం దసరా సెలవులకు నా దగ్గరికి వచ్చి పదిహేను రోజులు ఉన్నాడు. మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది, ఇంట్లో నేనొక్కణ్ణే, వాడు వస్తే నాకు పండగ. వచ్చిన దగ్గరనుంచి వాడు మాట తక్కువగా ఉన్నాడు. చదువు బరువేమో అనుకున్నాను.

నాకు మాత్రలు లెక్కపెట్టే అలవాటు పోలేదు. ఆదివారం ఆదివారం డబ్బా తీసి ఏ మాత్ర ఎన్ని ఉన్నాయో చూసుకుంటాను. ఆ ఆదివారం ఆల్ప్రాజోలం ఆరు తక్కువ వచ్చాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇంట్లో పనిచేసే అమ్మాయిని పిలిచి గట్టిగా అడిగాను. ఆ అమ్మాయి ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో చేస్తోంది. ఏడ్చింది. లోపలి గదిలోంచి మనుమడు లేచి వచ్చాడు.

"ఆమెను ఏమనకు తాతా. నేను తీసుకున్నా," అన్నాడు.

ఆ అమ్మాయి వెళ్ళిపోయింది, రెండు రోజులు పనికి రాలేదు. నేనే వాళ్ళింటికి వెళ్ళి తప్పైందని చెప్పి వచ్చాను. అది తరవాతి మాట. అప్పుడు మాత్రం వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను.

"ఎందుకురా?"

"నిద్ర పడ్తలేదు."

"అది నిద్రకు వేసుకునేదని నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పుడెందుకు తాతా? నేను వినే పాటల్లో దాని పేరు వస్తనే ఉంటది. పైగా నువ్వు రోజూ వేసుకునేదే కదా!"

అంతే. నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ పోయిన కొత్తలో నిద్రపట్టక డాక్టరుగారిని అడిగితే కొన్ని వారాలకని రాసిచ్చారు. ఆ కొన్ని వారాలు నాలుగేళ్ళయ్యాయి. నేను ఫార్మసిస్టును. ఆ మాత్ర ఎన్నాళ్ళు వాడవచ్చో ఎంతోమందికి చెప్పినవాణ్ణి. దుకాణంలో తెలిసినవాళ్ళు కనుక చీటీ అడిగేవారు కాదు. నాకు అలవాటు, వాడికి దొంగతనం అని ఎలా అనను?

పాటలంటే ఏ పాటలని అడిగాను. వాడు ఒక చెవిది తీసి నా చెవిలో పెట్టాడు. (చెవి మిషను తీసేసి పెట్టించుకున్నాను లెండి.) అదేదో అరుపులు, డప్పులు ఉంటాయనుకున్నాను. అలా లేదు. సన్నని గిటారు మీద ఒక కుర్రవాడు దాదాపు ఏడుస్తూ పాడుతున్నాడు. మాటలు నాకు పట్టుబడలేదు, దిగులు మాత్రం అందింది. బాగుందిరా అన్నాను. బాగుంది కాబట్టే చెబుతున్నాను.

ఆ కుర్రవాడి పేరు జూస్ వరల్డ్. షికాగోవాడు, 1998 డిసెంబరు 2న పుట్టాడు. 2018లో "లూసిడ్ డ్రీమ్స్" అనే పాటతో అమెరికా మొత్తం మోగిపోయాడు. 2019 డిసెంబరు 8న, ఇరవయ్యొకటో పుట్టినరోజు జరుపుకున్న ఆరు రోజులకు, షికాగో విమానాశ్రయంలో కుప్పకూలి చనిపోయాడు. ఒంట్లో ఆక్సికోడోన్, కోడీన్ విషస్థాయిలో ఉన్నాయని వైద్యాధికారులు తేల్చారు. రెండూ నొప్పికి వాడే మందులు. కోడీన్ మనం దగ్గు మందులో చూసిందే.

వాడి కథలో నన్ను పట్టుకున్న భాగం ఇంకోటి ఉంది. అమెరికాలో ఫ్యూచర్ అనే ర్యాప్ గాయకుడున్నాడు. కోడీన్ దగ్గు మందును తియ్యటి సోడాలో కలుపుకుని తాగడం ఆయన పాటల్లో మాటిమాటికీ వస్తుంది. ఈ అలవాటు టెక్సాస్‌లోని హ్యూస్టన్ నగరం సంగీతంలోంచి పాకింది. ఆ సంగీతానికి మూలపురుషుడనదగ్గ డీజే స్క్రూ కూడా 2000 సంవత్సరంలో, 29 ఏళ్ళ వయసులో, అటువంటి మందులు ఎక్కువై పోయినవాడే. జూస్ వరల్డ్ బడిపిల్లవాడిగా ఉన్నప్పుడే ఫ్యూచర్ పాటలు విని దగ్గు మందు మొదలుపెట్టాడు. పెద్దయి, పేరొచ్చి, ఆ ఫ్యూచర్‌తోనే కలిసి 2018లో ఒక ఆల్బమ్ చేశాడు. దాని పేరులోనే డ్రగ్స్ అన్న మాట ఉంది. అప్పుడు ఆయనతో చెప్పాడట, నీ పాట వినే నేను మొదలుపెట్టానని. ఫ్యూచర్ నిర్ఘాంతపోయాడు. నేనేం చేశాను అనిపించిందని తరవాత పత్రికలకు చెప్పుకున్నాడు.

2019 జనవరిలో ఆ ఫ్యూచరే ఇంకో సంగతి బయటపెట్టాడు. తాను ఆ దగ్గు మందు మానేశాడట. మానేసిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదట. చెబితే, మానేశాడు కనుక పాట మారిపోయింది అంటారని భయం. అంటే పాడినవాడు మానేశాడు, విన్న పిల్లవాడు కొనసాగించాడు. ఆ ఏడాది పూర్తయ్యేలోగా విన్నవాడు పోయాడు.

ఇదంతా నేను పుస్తకాల్లో చదవలేదు, ముందు మా మనుమడే చెప్పాడు. తరవాత వాడిచేతనే పత్రికల్లో వచ్చినవి తీయించి చదువుకున్నాను. జూస్ వరల్డ్ ఒక్కడే కాదు. లిల్ పీప్ అనే కుర్రవాడు 2017లో 21 ఏళ్ళకు పోయాడు, ఫెంటనిల్, ఆల్ప్రాజోలం కలిసి. మాక్ మిల్లర్ అనే అతను 2018లో 26 ఏళ్ళకు పోయాడు. వరసగా చెప్పుకుంటూ పోతున్నాడు, తిథులు చెప్పినట్టు.

"ఇన్ని తెలిసి కూడా వేసుకున్నావట్రా?" అన్నాను.

వాడు కొంచెంసేపు ఊరుకుని, "తాతా, మీ ఏఎన్నార్ దేవదాసు ఏమైండు?" అన్నాడు.

1953 నాటి సినిమా. తాగి తాగి రక్తం కక్కుకుని పార్వతి ఇంటి ముందు చెట్టు కింద పోతాడు. ఆ సినిమా చూసి తాగుడు మానినవాణ్ణి నేనెవరినీ ఎరగను. ఘంటసాలగారి పాట పాడుకుంటూ గ్లాసు పట్టుకున్నవాళ్ళను మాత్రం మా క్వార్టర్స్‌లోనే చూశాను. పాటగాడు చచ్చిపోయాడని తెలిస్తే పిల్లలు భయపడతారని మనం అనుకుంటాం. భయం కలగదు. పాటకు ఇంకాస్త బరువు వస్తుంది. హిప్పీ చెల్లెలు చచ్చిపోయింది, పాట బతికింది. మొదట మిమ్మల్ని గుర్తుపెట్టుకోమన్నది ఇదే.

అలాగని పాట మీద నేరం మోపి చేతులు దులుపుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. మా వాడి విషయంలో ఏం జరిగింది? రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో చెప్పలేదు. రాత్రి రెండింటిదాకా నిద్ర లేదు. ఇలాంటి బాధకు ఫలానా మాత్ర ఉంది, దాన్ని వేసుకోవడం వింతేమీ కాదు అని పాట చెప్పింది. ఆ మాత్ర నా అలమరలో, తాళం లేని డబ్బాలో ఉంది. పాట పేరు నేర్పింది, తాత నమూనా చూపించాడు, డబ్బా అందుబాటులో ఉంది. ఈ మూడింటిలో పాట ఒక్కదాన్నే మనం తిడుతున్నాం, ఎందుకంటే అది ఒక్కటే బయటిది.

ఇక్కడ కాస్త నా వృత్తి మాట చెప్పనివ్వండి. ఆల్ప్రాజోలం, డైజీపామ్, క్లోనజెపామ్, ఇవన్నీ ఒక కుటుంబం. డాక్టరు చెప్పినట్టు, చెప్పినన్నాళ్ళు వాడితే మంచి మందులే. రోజూ నెలల తరబడి వాడితే ఒళ్ళు వాటికి అలవాటుపడుతుంది. ఒక్కసారిగా మానితే వణుకు, కంగారు, నిద్రలేమి, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. సారాయితోగాని, కోడీన్ లాంటి మందులతోగాని కలిస్తే ఊపిరి మందగిస్తుంది. నిద్రలోనే ఆగిపోవచ్చు. ఆ అమెరికా పిల్లల్లో కొందరి ఒంట్లో దొరికింది ఇలాంటి కలయికే. మన వయసువాళ్ళకు ఇవి మరో విధంగా చేటు. రాత్రి బాత్‌రూముకు లేచి తూలిపడి తుంటి విరగ్గొట్టుకోవడం, మతిమరుపు. మనలో ఎంతమంది "చిన్న మాత్ర" అంటూ ఏళ్ళ తరబడి వేసుకుంటున్నారో నాకు తెలుసు. దుకాణం దగ్గర ఎదురుపడుతుంటారు కదా.

ఈ మాత్ర మనకు పరాయిదీ కాదు. నా సర్వీసులో కల్తీ కల్లు కేసులు ఎన్ని చూశానో! అప్పట్లో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్ కలిపేవారు, తరవాత ఆల్ప్రాజోలం. ఎక్సైజువాళ్ళు దాడులు చేసి దుకాణాలు మూయించిన మర్నాటినుంచి ఆసుపత్రికి బారులు. కూలి మనుషులు, ఆడవాళ్ళు, చేతులు వణుకుతూ, సంధి మాటలు మాట్లాడుతూ, ఫిట్స్‌తో. వాళ్ళు తాగింది కల్లనుకున్నారు, అలవాటుపడింది మాత్రకు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లుకు మనుషులు చనిపోయినప్పుడూ ఆల్ప్రాజోలం మాటే వచ్చింది. వాళ్ళను చూసి నేను జాలిపడ్డాను. అదే మాత్రను స్టీలు గ్లాసులో నీళ్ళతో వేసుకుంటూ మర్యాదస్థుణ్ణి అనుకున్నాను.

ఎయిమ్స్ వారు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ళ మధ్యవాళ్ళలో మద్యం తాగేవాళ్ళు 14.6 శాతం. డాక్టరు చీటీ లేకుండా మత్తుమాత్రలు వాడేవాళ్ళు 1.08 శాతం, అంటే సుమారు 1 కోటి 18 లక్షల మంది. గంజాయి గురించి పేపర్లలో రోజూ చదువుతున్నాం, పోలీసులు పట్టుకుంటున్నారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈ కోటి పైచిలుకు మందికి మాత్రలు మన్యం కొండల్లోంచి రావు. మందుల దుకాణంలోంచి, ఇంటి అలమరలోంచి వస్తాయి. ఆల్ప్రాజోలం, కోడీన్, ట్రమడాల్ వంటివి 2014 మార్చినుంచి హెచ్-1 షెడ్యూలులో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, రోగి పేరు, డాక్టరు పేరు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. నాకు అమ్మినప్పుడు ఆ రిజిస్టరు తెరిచారో లేదో నేను అడగలేదు. అడగవలసినవాణ్ణి నేనే.

పాటల్ని ఆపితే ఆగదా అని కొందరు మిత్రులు అడిగారు. 2024 నవంబరులో పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంజ్ హైదరాబాదు కచేరీకి ముందు, మద్యాన్ని, మత్తును, హింసను పొగిడే పాటలు పాడవద్దని మన అధికారులు నోటీసు ఇచ్చారు. ఆయన మద్యం ఉన్నచోట శీతలపానీయం పేరు పెట్టి అవే పాటలు పాడాడు. ఆ తరవాత అహ్మదాబాదులో ఆయన అన్నది ఏమిటంటే, దేశమంతా మద్యం దుకాణాలు మూసేయండి, ఆ రోజునుంచి నేను మద్యం పాట పాడను అని. ఖజానాకు మద్యం ఆదాయం వద్దనే ధైర్యం ఏ ప్రభుత్వానికుంది? నోటీసు తప్పని నేననను. పసిపిల్లలు కూడా వచ్చే కచేరీ అది. కాని దానితో పని జరిగిందని కూడా అనలేను.

పని జరిగిన సందర్భం ఒకటి మన కళ్ళముందే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అక్షరదీపం రాత్రిబడుల్లో చదువుకున్న వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది, తాగుబోతుల వల్ల ఊరు ఎలా గుల్లయిందో, ఆడవాళ్ళు ఎలా ఎదురుతిరిగారో. ఆ పాఠాలకు తోడు కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలు పాడాయి, నాటికలు ఆడాయి. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు, అది వేరే కథ. ఆ పాటలు ఎందుకు పట్టాయి? బుద్ధి చెప్పడానికి పైనుంచి ఎవరో పాడినవి కావు. మొగుడు తన్నిన దెబ్బ వీపు మీద ఉన్న మనిషే పాడింది. దేవానంద్ పాట అందుకే నిలవలేదనుకుంటాను. అది మత్తులో లేనివాడు మత్తులో ఉన్నవాడికి చెప్పిన నీతి.

ఇది తట్టాక నేను వాడికి నీతి చెప్పడం మానేశాను. నా సంగతి చూసుకున్నాను. డాక్టరుగారి దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్ళాం. వాడు వేసుకున్నది ఆరు మాత్రలే కనుక వాడికి మందులు అవసరం లేకపోయింది. సబ్జెక్టులు పోయిన బెంగకు మానసిక వైద్యుడి దగ్గర నాలుగైదుసార్లు మాట్లాడించారు. నా రోగమే మొండిది. డోసు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మానడానికి ఆరునెలలు పట్టింది. ఇక్కడ ఎవరైనా ఇంటికి వెళ్ళి ఈ రాత్రినుంచే మానేద్దామనుకుంటే దయచేసి అలా చేయకండి. డాక్టరుతో చెప్పి, ఆయన చెప్పినట్టు తగ్గించుకోవాలి.

ఇంకొన్ని సంగతులు త్వరగా చెబుతాను. మత్తు అలవాటైన పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందని చాలామంది దాచిపెడతారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64-ఏ సెక్షను ఉంది. వాడకం, లేదా కొద్ది పరిమాణం దగ్గరుండటం అన్న నేరానికి సంబంధించినంతవరకు, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట చికిత్సకు వచ్చి పూర్తి చేసుకునేవాడికి అది రక్షణ ఇస్తుంది. వ్యసన విముక్తి సలహాకు 14446, మానసిక ఆరోగ్య సలహాకు టెలి-మానస్ 14416 నంబర్లున్నాయి. డబ్బు కట్టనక్కరలేదు. అమెరికాలో పిల్లలున్నవాళ్ళు ఇంకోటి తెలుసుకోవాలి. అక్కడ స్నేహితులిచ్చే మాత్ర అచ్చం కంపెనీ మాత్రలాగే ఉండి, లోపల ఫెంటనిల్ ఉండవచ్చు. అది అతి కొద్ది మోతాదులోనే ఊపిరి ఆపేస్తుంది. దానికి విరుగుడు నాలోక్సోన్, ముక్కులో కొట్టేది. 2023నుంచి అక్కడ చీటీ లేకుండానే అమ్మడానికి అనుమతి ఉంది. ఇంట్లో ఒకటి ఉంచుకోమని చెప్పండి, తప్పుగా అనుకోరు.

వచ్చే నెల ఆరోగ్య శిబిరానికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి. పోయినవాళ్ళ మందులు కూడా. మా ఆవిడ మాత్రలు రెండేళ్ళదాకా నేను పారేయలేకపోయాను, మీలో కొందరికీ అంతే ఉంటుందని తెలుసు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో నేను కూర్చుని చూసి చెబుతాను. ఎవరేం వేసుకుంటున్నారో బయటికి చెప్పను. అది నా వృత్తి ధర్మం.

మా వాడి సంగతి అడుగుతారేమో. రెండు సబ్జెక్టుల్లో ఒకటి గట్టెక్కింది. ఒకటి ఉంది. ఆ పాటలు మానలేదు, నేను మానమనలేదు. ప్రతి ఆదివారం ఒక పాట నాకు పంపిస్తాడు, నేనొకటి వాడికి పంపిస్తాను. వాడు పంపినవి సగం నాకు నచ్చవు, ఆ మాట చెబుతాను. నేను పంపినవి వాడికీ అంతే. పోయిన వారం ఒక రాత్రి నాకు అసలు నిద్ర పట్టలేదు. మాత్ర లేదు కదా, ఏం చెయ్యను, ఒంటిగంటకు వాడికి ఫోను చేశాను. మొదటి గంటకే ఎత్తాడు. వాడూ మేలుకునే ఉన్నాడు. తెల్లారి పరీక్షట. ఏం వేసుకోలేదు కదా అని వాడు నన్నడిగాడు, నేను వాణ్ణడిగాను. ఆ తరవాత ఇద్దరం ఏదో మాట్లాడుకుంటూ మూడున్నరదాకా కూర్చున్నాం.

టీ వచ్చినట్టుంది.